అత్తమ్మ పెట్టిన మాక్ టెస్టులు

పోయిన మంగళవారం పొద్దున మా అత్తమ్మ కన్నుమూసింది. చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయింది. ఉప్పల్‌లో మా గల్లీ అంతా వచ్చింది, నాచారం చర్చి నుంచి సంఘం మొత్తం వచ్చింది. ఏడుస్తూనే ఒకరికొకరు ఆమె మాటలు చెప్పుకుని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆమెను తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది, ఏం చేయను?

ఎంబీబీఎస్ అయ్యాక ఫ్యామిలీ మెడిసిన్‌లో చేరాలని, కంప్యూటర్ మీద రాసే ప్రవేశ పరీక్ష రెండుసార్లు రాశాను. రెండుసార్లూ సీటు రాలేదు. చంటిపిల్లల నుంచి ముసలమ్మల దాకా ఇంటిల్లిపాదీ ముందు వెళ్లేది ఏ డాక్టరు దగ్గరికో, ఆ డాక్టరు కావాలని నా కోరిక. ఇంత చదివి మళ్లీ జలుబూ జ్వరమేనా అని చుట్టాలు దెప్పేవారు. మూడోసారీ రాకపోతే నాచారంలో నేను పనిచేస్తున్న చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగానే ఉండిపోతానని ఒకరోజు మా ఆయనతో అన్నాను. వంటింట్లో ఉన్న అత్తమ్మ చెవిన పడింది. మరుసటి రోజు నుంచి నా చదువు ఆమె చేతిలోకి పోయింది.

పరీక్ష ఎలా ఉంటుందో నా ప్రాణం తీసి మరీ తెలుసుకుంది. ప్రశ్నలను సెక్షన్లని భాగాలు చేస్తారని, ఒక్కో భాగానికి ఇంత సమయమని, అది దాటితే మళ్లీ వెనక్కి పోలేమని చెప్పాను. ఆ చివరి ముక్క ఆమెకు తెగ నచ్చింది. ఇక ఇల్లే పరీక్షా కేంద్రమైంది. నన్ను ల్యాప్‌టాప్ ముందు మాక్ టెస్టుకు కూర్చోబెట్టి, నా ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేది. ఎవరైనా వస్తే, కిటికీలోంచి నేను నిక్షేపంగా కనబడుతున్నా, కోడలు ఇంట్లో లేదని చెప్పి పంపేది. అబద్ధం కదా అత్తమ్మా అంటే, పరీక్షలో ఉన్న మనిషి ఇంట్లో ఉన్నట్టు లెక్క కాదనేది.

ఒకసారి గృహ ప్రార్థన వంతు మా ఇంటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే నా మాక్ టెస్టు. వాయిదా వేసుకుంటానంటే ఒప్పుకోలేదు. వచ్చిన ఆడవాళ్లకు గుమ్మంలోనే చెప్పేసింది: "జర మెల్లగ ప్రార్థన జేయున్రి. దేవునికి చెవుడు లేదు, నా కోడలికి పరీక్షున్నది."

అలవాటుగా పాట ఎత్తుకోబోయిన పెద్దావిడ పల్లవి మింగేసింది. అందరి పెదవులూ కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. నవ్వాపుకోలేక నాకు ప్రశ్నలు పోయాయి.

"సెక్షన్ బంద్ అయింది" అన్న మాట ఆమెకు ఊతపదమైంది. పొద్దుటి పులుసులో ఉప్పెక్కువైందని మామయ్య సాయంత్రం గొణిగితే, ఆ సెక్షన్ బంద్ అయిందనేది. నేనూ మా ఆయనా పాత తగవు తవ్వుకుంటే తలుపు దగ్గర నిలబడి అదే మాట. మాకు కోపం కూడా నిలిచేది కాదు.

అసలు పరీక్ష రోజు రెండో భాగంలో ఒక ప్రశ్న దగ్గర చిక్కుకుపోయాను. తేరుకునేలోగా సమయం అయిపోయింది. చూడని ప్రశ్నలు అలాగే మిగిలి, తెర మారిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, లేచి ఇంటికి పోదామనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది మామయ్య పులుసు. నిజంగా అదే గుర్తొచ్చింది. ముక్కు తుడుచుకుని మూడో భాగంలో పడ్డాను. ర్యాంకు గొప్పదేం కాదు గానీ, నేను కోరుకున్న సీటుకు సరిపోయింది. అందులో సగం అత్తమ్మదే, ఈ మాట ఆమె ఉండగానే చాలాసార్లు చెప్పాను.

ఆ కోర్సులో చేరిన మొదటి వారంలో ఒక పొద్దున ఓపీలో ఉన్నాను. తర్వాతి పేషెంటును పంపమంటే, చేతిలో చీటీతో అత్తమ్మ లోపలికి వచ్చింది. చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. ఒక్కతే బస్సెక్కి వచ్చి, డాక్టరు తన కోడలని ఎవరికీ చెప్పకుండా అందరితో పాటు లైన్లో కూర్చుందట. కంగారుగా లేచి ఏమైందని అడిగాను.

"నాకేమైతది బిడ్డా? గా కుర్చీల నువ్వెట్ల కూసుంటవో సూద్దామని వచ్చిన. ఎట్లాగు వచ్చిన గద, బీపీ సూడు."

జాకెట్టు చెయ్యి పైకి మడిచి, నా బల్ల మీద చెయ్యి చాపింది. నేను పట్టీ చుట్టి గాలి కొడుతుంటే ఆమె బీపీ మిషన్ వైపు చూడనే లేదు. నా ముఖంలోకే చూస్తూ, పెదవులు బిగించి నవ్వాపుకుంటూ, బుద్ధిగా కూర్చుంది.