ఏడో టేకు

ఆ ఆదివారం మధ్యాహ్నం సీతాఫల్‌మండిలో మా ముందుగదిలో ఉన్నవాళ్లు: నాన్న, అమ్మ, అన్నయ్య, పక్కింటి టైలర్ మామ, ఆయన భార్య, నేను. ఉన్న వస్తువులు: ఇరవై అంగుళాల టీవీ, పాలిటెక్నిక్ స్నేహితుణ్ణి అడిగి తెచ్చిన వీసీఆర్, ఖాళీ క్యాసెట్ ఒకటి, చర్చి నుంచి తెచ్చి ఇంకా బీరువాలో పెట్టని రెండు బైబిళ్లు, పళ్లెం నిండా మిరపకాయ బజ్జీలు. టీవీలో సినిమా అవార్డుల కార్యక్రమం వస్తోంది.

అన్నయ్య బాక్సర్. బొల్లారంలో ఒక రేకుల షెడ్డులో ఆరేళ్లు సాధన చేశాడు. అందరూ మెచ్చుకున్న ఆ బాక్సింగ్ సినిమాలో, ఆఖరి పోటీలో హీరోకు ఎదురుగా నిలబడింది అన్నయ్యే.

సినిమా దెబ్బకు ఒక పద్ధతి ఉంది. పిడికిలి ముఖానికి జానెడు దూరం నుంచి పోతుంది. కెమెరా దెబ్బ తినేవాడి వీపు వెనక ఉంటుంది కాబట్టి తగిలినట్టే కనిపిస్తుంది. తినేవాడు ఉన్నచోటే నిలబడి తల వెనక్కి విసరాలి, అంతే. అన్నయ్య ఆరేళ్లు నేర్చుకున్నది మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిడికిలి వస్తే వెనక్కి పోకూడదు, తల వంచి లోపలికి అడుగు వేయాలి. ఆరు టేకుల వరకు గుర్తుపెట్టుకున్నాడు. ఏడోసారికి అలసిపోయాడు. అలవాటుగా లోపలికి అడుగు పడింది. హీరో పిడికిలి ఎడమ చెవి మీద నిండుగా తగిలింది.

డైరెక్టర్ ఆ టేకునే ఓకే చేశాడు.

కర్ణభేరి చిరిగింది, మానలేదు. రెండు నెలల తర్వాత ఆటల కోటా ఉద్యోగానికి జరిగిన వైద్యపరీక్షలో అన్నయ్య తప్పాడు. నాన్న ఆ సినిమా ఊసెత్తడం మానేశాడు. హాల్లో మోతకు చెవిలో పోటు వస్తుందని అన్నయ్య కూడా వెళ్లలేదు. చూసింది నేనొక్కణ్ణే. తెర మీద ఎంతసేపు కనిపిస్తాడో అన్నయ్యకు నేను చెప్పలేదు.

"నాన్న ఒక్కసారి చూస్తే చాలురా," అని వారం నుంచీ నాతో అంటున్నాడు. చెవి ఊరికే పోలేదని నాన్నకు తెలియాలి. అదే అన్నయ్య కోరిక.

"ఏందిరా పహిల్వాన్, నీకు సుత ఇస్తరా ఏంది అవార్డు?" అన్నాడు టైలర్ మామ బజ్జీ అందుకుంటూ.

"నాకెందుకు మామా. నన్ను చూపిస్తే చాలు."

"చూపియ్యకపోతే గీ బజ్జీలన్నీ నాకే!"

"జెర నోరు మూస్కోని చూడుండ్రి," అంది ఆయన భార్య.

ఉత్తమ నటుడిగా ఆ హీరో పేరు చదివారు. వెంటనే తెర మీద ఆ పోటీ మొదలైంది. నేను రికార్డు మీట నొక్కాను. హీరో కళ్లు, చెమట, పిడికిలి, ఒక వంగిన వీపు, లేచి నిలబడ్డ జనం. మళ్లీ వేదిక.

"అదే! అదే!" అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"ఏడున్నవ్‌రా? నాకు హీరోనే కానొచ్చిండు."

"ఆ వీపు నాదే మామా."

"నీ వీపు కొలతలు నా దగ్గరనే ఉన్నయ్ గని, గట్ల దబ్బున పోతే ఎట్ల గుర్తుపట్టాలె?"

అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. నాన్న నవ్వలేదు. "దీనికేనా?" అన్నాడు మెల్లగా. నాన్న కూర్చున్నది అన్నయ్యకు ఎడమ పక్కన. ఆ మాట అన్నయ్యకు వినపడలేదు. నాకు వినపడింది.

హీరో వేదిక మీద పద్నాలుగు మందికి కృతజ్ఞతలు చెప్పాడు. అన్నయ్య కుడి చెవి టీవీ వైపు తిప్పి చివరిదాకా నిలబడే విన్నాడు. అమ్మ ఖాళీ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. నాన్న చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

"రికార్డయింది కదా?" అన్నాడు అన్నయ్య. "నాన్న సరిగా చూసినట్టు లేదు, రాగానే మళ్లీ వేద్దాం. నా ముఖం ఎంతసేపు ఉంది?"

కుడి పక్కకు వెళ్లి, "మూడు సెకన్లు ఉంటుంది," అన్నాను.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు క్యాసెట్టును ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూశాను. సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములు. అన్నయ్య ముఖం ఉన్నవి తొమ్మిది.