గోళ్ళ మీద తెల్ల మచ్చలు

మా అత్తమ్మ నా గోళ్ళు చూసి నా జబ్బు తేల్చేసింది. పాఠాలు ముగించుకుని బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నీరసంతో కుర్చీలో కూలబడ్డానా రోజు. ఆవిడ నా చెయ్యి లాక్కుని కిటికీ వెలుగులో పెట్టి, బొటనవేలి గోటి మీది తెల్ల మచ్చ నాకే చూపించింది.

"ఇదిగో, కాల్షియం లేదు నీ ఒంట్లో. ఒట్టి డొల్ల."

"ఒకసారి టెస్ట్ చేయించుకుంటే తెలుస్తది కద అత్తమ్మా," అన్నాను.

"బతుకంతా వార్డుల్లో చాకిరీ చేసినదాన్ని. నాకు టెస్టులు చెబుతున్నావా?"

ఆవిడ రిటైరైన నర్సు. గుంటూరు వైపు నుంచి లాలాగూడకు వచ్చి ఎన్నేళ్ళయినా మాట మారలేదు, ఉద్యోగమూ మానలేదు. వార్డు పోయి మా ఇల్లు వచ్చింది, రోగులంతా పోయి నేను మిగిలాను. మర్నాటి నుంచే మొదలైంది. పొద్దున రెండు మాత్రలు, రాత్రి అన్నం తిన్నాక రెండు, పాలలో ఏదో ఖనిజాల పొడి, పైగా డి విటమిన్ పాకెట్టు. మెడికల్ షాపతను చీటీ కూడా అడక్కుండా ఇచ్చేవాడు. నర్సమ్మగారంటే ఆ వీధిలో అంత గౌరవం మరి.

ఇచ్చి ఊరుకుంటే నా బాధ ఏముంది? గ్లాసు చేతికిచ్చి ఎదురుగా నిలబడేది. మింగాక "నోరు తెరువు" అనేది. తెరిస్తే "నాలుక ఎత్తు" అనేది. వార్డులో మొండి రోగులతో అలా చేయించడం అలవాటట. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, వంటింటి గుమ్మంలో నాలుకెత్తి నిలబడేదాన్ని. ఒళ్ళు మండిపోయేది. కానీ ఏమని తిడతాం? తన మాత్రలు కూడా అదే ప్లేటులో పెట్టుకుని, నాతోపాటే మింగేది. తనకూ నీరసమేనట, తన గోళ్ళ మీదా మచ్చలేనట.

మా ఆయనతో మొరపెట్టుకుంటే ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "గోలీ మింగితే నీకేం పోతది? అమ్మ ఖుష్ అయితది. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

నా నీరసం తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆకలి చచ్చింది. నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉండేది. క్లాసు మధ్యలో పక్క టీచరుకు పిల్లల్ని అప్పగించి బాత్రూముకు పరిగెత్తేదాన్ని. తగ్గలేదని చెబితే అత్తమ్మ ఇంకో మాత్ర పెంచింది. అందుకని ఒకరోజు విసుగెత్తి, "ఇప్పుడు జెర నయముంది," అన్నాను. అదే నా కొంప ముంచింది.

మా చర్చి ఆడవాళ్ళం శనివారం మధ్యాహ్నాలు ఒక్కో ఇంట్లో కూడుకుంటాం. పాటలు, బైబిలు వాక్యం అయ్యాక, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెబుతారు. మాలో ఒక అలవాటుంది. మేలు ఇంకా పూర్తిగా కలగకపోయినా, కలిగిందని విశ్వాసంతో ముందే చెప్పేస్తారు. చెప్పేస్తే ఇక కలిగి తీరుతుందని నమ్మకం. ఆ శనివారం అత్తమ్మ లేచి నిలబడింది. దేవుడు తన చేత మాత్రలు ఇప్పించి కోడల్ని లేపాడని, తన నీరసం కూడా పూర్తిగా పోయిందని, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఒకావిడ నా బుగ్గ పట్టుకుని, "మొహంల ఎంత కళొచ్చిందో!" అంది. నేనప్పుడు గోడకు ఆనుకోకపోతే కూర్చోలేని స్థితిలో ఉన్నాను.

ఆ తర్వాత నా నోరు కట్టేసినట్టయింది. తగ్గలేదంటే ఇంకో మాత్ర, తగ్గిందంటే ఇంకో సాక్ష్యం. ఇప్పుడు టెస్టుకు వెళ్ళడమంటే అత్తమ్మను పదిమందిలో అబద్ధాలకోరును చేయడమే. మా ఇంట్లో నేను తలుపు వేసుకుని ఏడవడానికి కూడా చోటు లేదు, బయట నుంచి "ఏమే, మళ్ళీ నీరసమా?" అని వినిపిస్తుంది.

ఒకరోజు బడిలో తల తిరిగి బల్ల పట్టుకున్నాను. పిల్లలు భయంతో చూస్తున్నారు. చాలు అనుకున్నాను. లాలాగూడలో ఏ ల్యాబుకు వెళ్ళినా నేను ఇల్లు చేరేలోపు అత్తమ్మకు కబురు చేరుతుంది కాబట్టి, అటునుంచి అటే ఆటో ఎక్కి ఏ.ఎస్. రావు నగర్ వెళ్ళి రక్తం ఇచ్చాను. చేతి మడతలో అంటించిన దూదిని ఇంటి సందు మొదట్లోనే పీకి పారేశాను. దొంగలా కొంగుతో ఆ మడత కప్పుకున్నాను.

రిపోర్టు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుంది. "కాల్షియం ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువుందమ్మా. డి విటమిన్ అంతకన్నా ఎక్కువుంది. ఈ మందులు ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు. గోళ్ళ మీద మచ్చలున్నాయని..."

"ఆ మచ్చలు చిన్న దెబ్బ తగిలినా వస్తాయి. తక్కువుందో లేదో చూడకుండానే పోసుకుంటూ పోతే ఎట్లా? ఎక్కువైనా నీరసమే వస్తుంది. ఇట్లాగే ఉంటే కిడ్నీలు పాడవుతాయి. అన్నీ ఇవ్వాళే ఆపెయ్యండి."

నీరసమని మింగుతున్నాను, మింగుతున్నందుకే నీరసం! ఆటోలో ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆ రాత్రి ప్లేటు వచ్చేసరికి రిపోర్టు అత్తమ్మ చేతిలో పెట్టాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ పై నుంచి కింది దాకా చదివింది. మళ్ళీ చదివింది. నా మాత్రలు వేరు చేసి డబ్బాలో వేసేసింది. తర్వాత చెంబెడు నీళ్ళు గటగటా తాగి, మళ్ళీ చెంబు ముంచుకుంది. అప్పుడు తట్టింది నాకు. ఆ దాహం నాకు తెలుసు.

"మీరు సుత చేయించుకోండి అత్తమ్మా."

"నాకేం? నిక్షేపంలా ఉన్నాను. సాక్ష్యం చెప్పినదాన్ని, ఇప్పుడు సూది గుచ్చించుకుని దేవుడి మీద అనుమానపడనా?" అంటూనే తన మాత్రలు నా ఎదుటే మింగింది.

నాకు విడుదల దొరికింది, ఆవిడకు దొరకలేదు. రోజురోజుకూ క్షీణించిపోయింది. పప్పులో ఉప్పు వేసి, మళ్ళీ వచ్చి వేసేది. అడిగిన మాటే అడిగేది. "వయసైంది కద, గట్లనే ఉంటది," అన్నారు మా ఆయన. నేను మాత్రలు దాచేస్తే, ఆవిడ గోడ పట్టుకుని నడుస్తూ షాపుకు వెళ్ళి కొత్తవి తెచ్చుకుంది. భయమేసింది నాకు. నా కళ్ళ ముందే ఈ మనిషి పోతుందనిపించింది.

మరుసటి శనివారం ప్రార్థన మనవులు చెప్పే వేళ నేను లేచాను. "మా అత్తమ్మ సోమవారం రక్తపరీక్షకు పోతుంది. అందరూ ప్రార్థన చేయండి," అన్నాను. అత్తమ్మ నన్ను నమిలి మింగేసేలా చూసింది. కానీ అందరూ అప్పటికే ఆవిడ తల మీద చేతులుంచి ప్రార్థన మొదలుపెట్టారు. ఆదివారం చర్చి మెట్ల దగ్గర ఒకటే అడగడం, "సిస్టరమ్మా, రేపే కద టెస్టు?" అని. ఇక ఎటు తప్పించుకుంటుంది?

రిపోర్టులో ఆవిడకు కాల్షియం నాకంటే ఎక్కువే వచ్చింది. అదే రోజు ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ పెట్టారు. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. మా ఆయన వరండాలో మొహం చేతుల్లో దాచుకుని కూర్చున్నారు.

కొన్ని రోజులకు మాట తేటపడ్డాక, పక్కన కూర్చుని జావ తాగిస్తూ అడిగాను. "నీరసం పూర్తిగా పోయిందన్నరు కద అత్తమ్మా, మళ్ళ ఎప్పుడు మొదలైంది?"

ఆవిడ దుప్పటి మీద చెయ్యి పెట్టి తన గోళ్ళు చూసుకుంది.

"పోతే కదే మళ్ళీ మొదలవడానికి," అంది. "నాకు ఒక్కరోజు కూడా తగ్గలేదు. నీకు నయమైందన్నావు కదా, నాకూ తగ్గుద్దిలే అని మింగాను."