లెక్కకు రాని కుప్ప

"అవునుగానండీ, వెనక్కి తిరిగినవాడికి కుప్పలు కనపడవు సరే. ఎన్ని కుప్పలు పెట్టాలో ముందే అనేసుకున్నారు కదా?"

"ఇది మా పుస్తకాల్లో ఎక్కడుందో చూడాలోయ్. రేపు చెబుతాను."

ఏలూరు ఆసుపత్రిలో మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలివి. మధ్యాహ్నానికే పోయారు.

ఆయన లా కాలేజీలో పాఠాలు చెప్పేవారు. నాకు సంతకం వరకే వచ్చు. అయినా మర్నాటి పాఠం ముందు నాకే చెప్పేవారు, నేను చేపలు తోముతుంటే పక్కన పీట వేసుకుని. తెల్లదొరల దేశాల్లో న్యాయమంటే ఏమిటని పెద్ద తగువట. ఎక్కువమందికి మేలైతే చాలని కొందరు, మిగిలిన కొద్దిమంది గతేమిటని కొందరు. ఎవరి వంతుకు ఏది వస్తుందో తెలియకుండా కట్టుబాట్లు పెట్టుకోవాలి, అదే న్యాయం అన్నాడట ఒకాయన. నేను నవ్వాను. కొల్లేట్లో మా లంకలో చేసేది అదే. ఊరి చెరువు పట్టాక చేపలు ఇంటికొకటి చొప్పున కుప్పలు పోస్తారు. ఒకరు కుప్ప మీద కర్ర పెట్టి ఇదెవరిదంటే, వెనక్కి తిరిగి నిలబడినవారు ఒక పేరు చెబుతారు.

కానీ మగదిక్కు లేని ఇంటికి కుప్పే పెట్టరు. మా తమ్ముడు పోయాక మరదలికి వాటా లేదు. అది తలుచుకునే ఆసుపత్రిలో ఆయన్ని ఆ మాట అడిగాను.

ఆయన పోయాక మరదలి దగ్గరికే వచ్చేశాను. ఈ ఏడు పెద్దదాన్నని నన్నే వెనక్కి తిరగమన్నారు. మా మరదలి కుప్ప పెడితేనే తిరుగుతానన్నాను.

"కాలేజీ పాఠాలు మాకూ చెబుతున్నారా అప్పగారూ? రేపు విధవలందరూ వస్తారు" అన్నాడు ఊరిపెద్ద.

"వస్తారు. ఎంతమందో ముందు లెక్కపెట్టండి."

చేపలు ఎండకు మెత్తబడుతున్నాయి. కాసేపు గొణిగి, ప్రతి కుప్పలోంచీ కాసిని తీయించాడు. విధవలున్న నాలుగిళ్ళకు నాలుగు కుప్పలు పడ్డాయి. అప్పుడు తిరిగాను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. చివరి వీధిలో మొగుడు వదిలేసి వెళ్ళిన పిల్ల ఉంది. విధవ కాదు కదా, నా నోటికి కూడా రాలేదు. మా కుప్పలో సగం పట్టుకెళ్ళి ఇచ్చాను. తీసుకుంది గానీ నా ముఖం చూడలేదు. నేనిచ్చింది దానం, వాటా కాదు. వచ్చే ఏడు ఆమె పేరు ముందు పిలవాలి.

ఇదంతా రాస్తున్నది నా మేనకోడలు, ఆ మరదలి కూతురే. ఏదీ తల్లీ, మొదట్నించీ ఒకసారి చదివి వినిపించు. ఇంకెవరినైనా వదిలేశానేమో.