వణుకును పనిలో పెట్టిన స్టూడియో భాయ్

అందరూ బాగున్నారా? జగిత్యాలలో కోరస్ పాడిన అక్కల మోకాళ్లు ఎట్లున్నాయి? సిరిసిల్ల సాంచల మీద పనిచేసే తమ్ముళ్ల దగ్గు తగ్గిందా, దూది దుమ్ముకు మూతికి రుమాలు కట్టుకుంటున్నారా? కోరుట్లలో నాతో బీడీలు చుట్టే చెల్లెళ్ల కళ్ల మంటలు పోయాయా? మన పాటల బృందాన్ని నడిపే పంతులు గారి షుగరు అదుపులో ఉందా? నాకు బీపీ ఎప్పుడూ ఉండేదే, వదిలేయండి. ఇంతమందిని అడిగాను కానీ, ఒక మనిషిని అడగడానికి లేకుండా పోయింది. మన పాటలు రికార్డు చేసిన కోరుట్ల స్టూడియో భాయ్ పోయిన నెల కన్ను మూశాడు.

వాళ్ల ఇంటామె ఫోన్ చేసింది. ఆమె కూడా నన్ను ఆయనలాగే ఆపా అంటుంది, అక్కా అని. "ఆపా, పగటి నమాజ్ చేసుకొని అచ్చి కుర్చీల కూసున్నడు. నేను చాయ్ తెచ్చెవరకు లేడు" అన్నది. నేను మొదట అడిగింది ఏమిటో తెలుసా? "పొద్దుగాల గోలి ఏసుకున్నడా?" అని. పోయిన మనిషిని కూడా వదలని రంది నాది.

ఆ స్టూడియో మీరంతా చూసిందే. ఫొటోల దుకాణం వెనక చిన్న అర్ర. చప్పుడు తిరిగి రాకుండా గోడలకు పాత బొంతలు కొట్టాడు. పాడేటప్పుడు ఫ్యాను బంద్. చాయ్ పాట అయ్యాకనే. "కడుపు నిండితె గొంతు పండుకుంటది ఆపా" అనేవాడు. బాగుందని నోటితో ఎన్నడూ అనలేదు. నచ్చితే టోపీ తీసి, తల గోక్కొని, మళ్లీ పెట్టుకునేవాడు. పాట అయ్యాక మనమంతా ఆయన టోపీ వైపే చూసేవాళ్లం.

సకల జనుల సమ్మె రోజులు యాదికి తెచ్చుకోండి. సిరిసిల్ల నా పుట్టిల్లు. బట్ట నేసే సాంచలన్నీ ఆగిపోయి, ఎప్పుడూ కొట్టుకునే ఆ చప్పుడు లేక ఊరికి చెవుడు వచ్చినట్టుండేది. అది చూసి వచ్చి, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ ఒక పాట కట్టాను. 'సాంచె ఆగింది బిడ్డో, మాట ఆగలే' అని ఎత్తుకుంటుంది. అప్పటిదాకా వెనక వరసలో నిలబడి వంత పాడినదాన్ని. ఇది నాది అని చెప్పుకోవడానికి బతుకు మొత్తంలో నాకున్నది ఆ ఒక్క పాట. రికార్డు చేసి మర్నాడు సిరిసిల్ల సభలో వినిపించాలన్నారు.

స్టూడియోలో మైకు ముందు నిలబడగానే గొంతు వణికింది. ఆ పొద్దున్నే మా పెద్దోడిని రాస్తారోకోలో పోలీసు వ్యాను ఎక్కించారు. తిన్నాడో లేదో, కొట్టారేమో. మళ్లీ పాడాను, ఇంకా వణికింది. పంతులు గారు నెమ్మదిగానే అన్నారు.

"అక్కా, ఏమనుకోకు. పొద్దు లేదు. నీ కోడలుతోని పాడిద్దాం. దాని గొంతు నిబ్బరంగ ఉంటది."

సరే అనబోయాను. సభలో నవ్వుల పాలు కావడం కంటే అదే నయం అనిపించింది. కానీ పాట ఇంకొకరి నోట్లోకి పోతే నేను మళ్లీ వెనక వరసకే.

"పంతులూ, జర ఆగు" అన్నాడు భాయ్. "భయమున్నదా? ఉండనియ్. దాన్ని గూడ పనిల పెడదాం."

ఏ పాటకైనా పనికొస్తుందని సమ్మెకు ముందే ఆయన సిరిసిల్ల పోయి, షెడ్డు కిటికీకి మైకు వేలాడదీసి సాంచల చప్పుడు పట్టుకొచ్చాడు. దాన్ని నా పాట కింద పరిచాడు. తర్వాత కంప్యూటర్‌లో నా గొంతుకు ముడివేశాడు. నా గొంతు ఎంత ఊగితే సాంచె చప్పుడూ అంత ఊగాలి. దాన్ని మాడ్యులేషన్ అంటారట. వింటే, నేను ఒక్కదాన్ని వణుకుతున్నట్టు లేదు. సాంచలు, షెడ్డు, ఊరికి ఊరే వణుకుతున్నట్టుంది.

అంతటితో ఊరుకోలేదు. తెర మీద పాట కింద ఒక గీత ఉంటే, దాన్ని మౌసుతో వంచాడు. మొదటి చరణం దగ్గర పైన, ఆఖరి చరణానికి నేల మీద. సాంచె ఎంత వణకాలో ఆ గీత చెబుతుందట, పాట నడిచినంతసేపూ యంత్రం దాని ప్రకారమే నడుచుకుంటుందట. ఆటోమేషన్ అన్నాడు. ఆయన చేతులు కట్టుకొని కూర్చుంటే, తెర మీద రేడియో గుండీ లాంటిది దానంతట అదే తిరగసాగింది. నేను లేచి కేకేశాను.

"ఎవలు తిప్పుతుండ్రు భాయ్? కరెంటు పీకు, కాలిపోతదేమో!"

"నేనే ఆపా. ఇందాక గీత గీసిన గదా, గది సూసుకుంట తిరుగుతున్నది."

"నువ్వు ముట్టకున్నా?"

"ఒక్కపారి చెప్తె చాలు దానికి. నీ లెక్క గడియకోపారి రంది పడది."

పంతులు గారు కూడా నవ్వారు. భాయ్ నా చెవులకు హెడ్‌ఫోను పెట్టాడు. "ఆఖరి చరణం మల్ల పాడు. ఇప్పుడు సాంచె ఊగది. దాని మీద కాలు మోపి నిలబడు."

నిలబడ్డాను. చెవుల్లో సాంచె బండలా గట్టిగా ఉంది, నా గొంతు దాని మీద నిలిచింది. కళ్లు తెరిచేసరికి టోపీ ఆయన చేతిలో ఉంది. కోడలి మాట పంతులు గారు మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు సిరిసిల్ల సభలో పాట రికార్డు పెట్టి, సాంచె చప్పుడు వచ్చిందో లేదో, ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి కర్ర పట్టుకొని లేచాడు.

"ఎవడ్రా సమ్మెల సాంచె నడుపుతున్నది? కాళ్లిరగ్గొడ్త!"

షెడ్ల దిక్కు ఉరుకుతుంటే ఇంకో నలుగురు వెంటపడ్డారు. భాయ్ స్టేజి మీద నుంచి కేక వేశాడు.

"ఓ కాకా! షెడ్ల లేదే, డబ్బల ఉన్నది!"

సభంతా గొల్లుమంది. ఆ పెద్దమనిషి వెనక్కి వచ్చి, స్పీకరు డబ్బాకు చెవి ఆనించి, అక్కడే చతికిలబడ్డాడు. "గిది మన సాంచెనేరా" అన్నాడు. అప్పుడు నా గొంతు వచ్చింది, వణుకుతూ. ఒక్కరూ నవ్వలేదు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వణుకు తగ్గుతూ తగ్గుతూ ఆఖరి చరణానికి సాంచె నిటారుగా నిలిచింది. చివరి మాట దగ్గర టక్కున ఆగింది. అది కూడా ఆయన గీసిన గీతే. నా గొంతు ఒక్కటే మిగిలి 'మాట ఆగలే' అన్నది. మైదానం మొత్తం "ఆగలే!" అని లేచింది. జనం ఎగురుతుంటే స్టేజి కూలుతుందేమోనని కర్రలు పట్టుకున్నాను. ఏడుస్తూనే నవ్వాను. సాయంత్రానికి పెద్దోడు కూడా ఇల్లు చేరాడు.

రాష్ట్రం వచ్చిన పొద్దు జగిత్యాల ఖిల్లా ముందు ఆ పాట పాడమన్నారు. ముందు వరసలో, మొదటి మనిషిగా. సగంలో మైకు పోయింది. గొంతు వణికింది, వణకనిచ్చాను. కింద నిలబడ్డ భాయ్ అరచేయి మెల్లగా పైకెత్తసాగాడు. యంత్రం లేదు, గీత లేదు. చెయ్యి లేస్తున్న కొద్దీ జనం గొంతు లేచింది. చెయ్యి తల దాటింది. ఇంకా ఎత్తాలని మునివేళ్ల మీద లేచాడు. ఆ చెయ్యి నా కళ్లలో ఇంకా కిందికి దిగలేదు.

నలభై రోజుల ఫాతిహా ప్రార్థనకు రమ్మని వాళ్ల ఇంటామె మనందరికీ చెప్పమన్నది. సిరిసిల్ల వాళ్లు జగిత్యాలలో బస్సు మారండి, ఫుట్‌బోర్డు మీద నిలబడకండి, గోలీలు మరచిపోకండి. నేను కోరుట్ల బస్టాండులో చూస్తుంటాను. వచ్చే శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యే వేళకు.