చెప్పినవారి గడి

కొట్టు సొరుగు లాగగానే పెన్సిల్ పొట్టు వాసన వచ్చింది. బయట సెరంగూన్ రోడ్డంతా ఆదివారపు జనం. ఎదురుగా ముగ్గురు శ్రీకాకుళం మనుషులు తలలు దించుకుని నిలబడ్డారు. వాళ్ళతో పనిచేసే సింహాచలం నాలుగు రోజుల కిందట తనంతట తానే ప్రాణం తీసుకున్నాడు. ఊళ్ళో అన్నకు సంగతి తెలుసు. తల్లికి తెలియదు. జ్వరమొచ్చి పోయాడని అన్న చెబితే ఆమె నమ్మడం లేదట, సింగపూరు మనిషి నోటే వినాలంటోందట.

“జొరమొచ్చి పోయాడని చెప్పక్కా. మాకు నోరు రావట్లేదు. నువ్వయితే ఎవుర్నయినా ఒప్పించీగలవు.”

నెంబరు రాసుకోవడానికి వెతుకుతున్న చేతికి కనకం ఆంటీ పెన్సిల్ ముక్క తగిలింది.

ఆంటీది టోవా పాయోలో మా పక్క ఫ్లాటు. బడిలో గుమాస్తాగా చేసి రిటైరైంది. ఆవిడ అమ్మమ్మ ఈ ఊళ్ళోనే పుట్టింది. పుట్టిన వారానికే తల్లి చిట్టెమ్మ పోయింది. దాంతో ఆ పిల్లకు ‘తల్లిని మింగింది’ అనే పేరు పడింది. ముసలిదై చచ్చేదాకా పెళ్ళిళ్ళలో పసుపు దంచడానికి కూడా ఆవిణ్ణి పిలిచేవారు కాదట. ఆ మాట అబద్ధమని తేల్చాలని ఆంటీ పట్టుదల. అందుకోసం తెల్లదొరల కాలపు చావుపుట్టుకల రిజిస్టర్లు వెతికేది. చూపు తగ్గాక నన్ను తోడడిగింది. నేను పుట్టిందే కొట్టులో. కరివేపాకు రెమ్మ నుంచి నా పెళ్ళి సంబంధం దాకా బేరం ఆడకుండా దేన్నీ ఒప్పుకున్నదాన్ని కాను. పెళ్ళిలో మాత్రం మోసపోయాననుకోండి. వారానికి రెండు గంటలు చదివితే నాలుగు పెసరట్లని కుదుర్చుకున్నాను.

పాత రికార్డుల గదిలో పెన్నులు తేనివ్వరు, పెన్సిలే. పేజీ తెరమీదికి రాగానే నా కళ్ళు చావు కారణం మీదికి పరిగెత్తేవి. ఆంటీ నా మోచేతి మీద కొట్టేది.

“ముందు ఆ చివరి గడి చూడవే. చెప్పినవారెవరు? ఎవరు చెప్పారో తెలియకుండా ఏం చెప్పారో చదివి ఏం లాభం?”

ఆ రోజుల్లో చాలా చావులకు వైద్యుడు చూసింది లేదు. ఇంటివాడో కొట్టువాడో వెళ్ళి నోటితో చెబితే అదే కారణమై కూర్చునేది.

ఎనిమిది నెలలకు దొరికింది. చిట్టెమ్మ, స్త్రీ, సుమారు ఇరవై. కారణం జ్వరం. ఆంటీ నా చెయ్యి పట్టుకుని గదిలో అందరూ తిరిగి చూసేలా ఏడ్చేసింది.

“జ్వరమేనే! మా అమ్మమ్మ మింగలేదే!”

అక్కడితో నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఆవిడ నేర్పిన విద్యే, చివరి గడి చూశాను. చెప్పినవాడొక కొట్టు యజమాని. అదే పేజీలో అతను చెప్పిన చావులు ఇంకో ఐదున్నాయి.

“ఇతను చెప్పినవన్నీ జ్వరాలే ఆంటీ. కలరా అంటే వచ్చి ఇల్లు మూసేస్తారు. కాన్పంటే బిడ్డేదీ, మంత్రసానెవరూ అని ఆరా తీస్తారు. జ్వరమంటే ఇంకో ప్రశ్న ఉండదు. మా నాన్నయినా అదే చెప్పేవాడు,” అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆంటీ తెర మీదికి వంగింది.

“ఎన్ని రోజుల జ్వరమో రాశాడా?”

“లేదాంటీ.”

పెన్సిల్, తను గళ్ళు గీసుకున్న పుస్తకం నా ఒళ్ళో పెట్టి లేచింది. మళ్ళీ ఆ గదికి రాలేదు. పెసరట్లు మాత్రం ఆ వారమూ పంపింది, నేను తిన్నాను. ఏడాది తిరక్కుండానే పోయింది.

ఇవాళ సింహాచలం తల్లి రెండు రింగులకే ఫోను ఎత్తింది. కొట్టు పేరు చెప్పాను, జ్వరమని చెప్పాను.

“ఎన్రోజులు కాసిందమ్మా జెరం?”

బేరంలో మొదటి అంకె తడుముకోకుండా చెప్పాలి. “మూడు రోజులమ్మా.”

“తడిగుడ్డయినా ఏసేరా, నా బాబుకి?”

“వేశామమ్మా. నేనే వేశాను.”

అడక్కపోయినా కొసరు వేసే అలవాటు నాది.

ఆ ముగ్గురూ దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. సింహాచలం ముఖం కూడా నేనెరగను. ఆంటీ పుస్తకం తీసి, ఆవిడ గీసి వదిలేసిన గళ్ళలో అతని పేరు, ఊరు, తల్లి పేరు రాశాను. కారణం దగ్గర నిజం రాశాను. దాని కింద, ‘తల్లికి చెప్పింది: జ్వరం, మూడు రోజులు.’

చెప్పినవారి గడిలో నా పేరు రాశాను.