బావ పుక్కిలించిన పొగడ కషాయం

యుద్ధం రోజులు. కూచిపూడిలో మా బావ ఇరవై ఏళ్లుగా ఆడవేషం కడుతున్నాడు. ఆ రోజు ఆయన చిగుళ్లు వాచి రక్తం కారుతోంది. దీపాలు పెట్టే వేళకి తెరమీదుగా జడ వేసి, వేషం రంగమ్మీదికొస్తూ పాడే ప్రవేశదరువు ఎత్తుకోవాలి. పాడలేకపోతే వేషం ఇంకొకరికిస్తానని గురువుగారు చెప్పేశారు. చెయ్యి మారిన వేషం మళ్లీ తిరిగిరాదు.

ముందురోజే అక్క కబురు పంపితే, పొగడ బెరడు మూటకట్టుకుని బెజవాడలో పెట్రోలు కరువై బొగ్గుతో నడుస్తున్న బస్సెక్కాను. ఎండినా వాసన పోదని ఆడవాళ్లు పట్టుచీరల మడతల్లో దాచుకునే పూలు ఆ చెట్టువే. దాని బెరడు చిగుళ్ల రక్తం కట్టే మందు. బస్సు రెండుసార్లు మొరాయించింది. నేను చేరేసరికి పొద్దు వాలింది.

అక్క కషాయం పొయ్యిమీద పెట్టింది. అది మరిగేదాకా నోరుమూసుకుని కూచోవచ్చుగా! ఊరుకోలేకపోయాను.

"కొండపల్లి అడవిలో ఈ చెట్టుకింద ఎలుగుబంటి పడుకునుంది బావా. దాని వీపెక్కి బెరడు చెక్కాను."

అంతే. అక్క చెంబు అందిస్తే బావ తోసేశాడు.

"ఏ దారిపక్క చెట్టుదో! వీణ్ణి నమ్మి ఉన్న గొంతు కూడా పోగొట్టుకోనా?"

బయట మద్దెల శ్రుతి చేస్తున్నారు.

"ఎలుగుబంటి అబద్ధం బావా, బెరడు నిజం. కాలవగట్టున కట్టెలమ్మే కొండామె ఇచ్చింది. ఒట్టు."

"నీ ఒట్టు ఎవడిక్కావాలిరా? ముందు నువ్వు పుక్కిలించు."

గుక్కెడు పోసుకున్నాను. ఒకటే వగరు! బుగ్గలు లోపలికి లాక్కుపోయాయి, నాలుక అంగిటికి అంటుకుపోయింది. ఉమ్మేశాక కూడా మాట రాలేదు. బావ నా మొహంకేసే చూస్తున్నాడు.

"పుట్టి బుద్ధెరిగాక వీడి నోరు ఇంతసేపు మూతపడటం ఇదే మొదలండీ. నమ్మండి," అంది అక్క.

బావ చెంబందుకున్నాడు. మొదటిసారి ఉమ్మితే ఎర్రగా పడింది. రెండోసారి చారికలు. మూడోసారికి కషాయమే పడింది. వాపు మాత్రం అలాగే ఉంది.

తెర పట్టారు. జడ తెరమీద పడింది. పాట మాత్రం లేదు. మద్దెలాయన పాట లేకుండానే ఒక తాళావర్తం వాయించేశాడు. జనంలో గుసగుసలు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ఎత్తుకున్నాడు బావ. మొదటి మాట కాస్త బొంగురు, రెండోది తేటగా వచ్చింది. గురువుగారు కళ్లు మూసుకుని తాళం అందుకున్నారు.