కట్టెవామి కింద కారు

మా ఆయనకు కారు పిచ్చి పట్టింది సరిగ్గా వానలు మొహం చాటేసిన ఏళ్లలోనే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. అంతకుముందు ముదిగుబ్బ నుంచి కదిరికి జనాన్ని కుక్కుకుని జీపు తోలేవాడు. జీపు యజమాని దాన్ని అమ్మేసి చేతులు దులుపుకున్నాక ఇంట్లో కూర్చున్నాడు. చేలో వేరుశనగ వేస్తే విత్తనం కూడా వెనక్కి రాలేదు. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడి, జనమంతా బెంగళూరులో ఇటుకలు మోస్తున్నారు. అలాంటి కాలంలో మనిషికి దిగులు పట్టాలి గానీ కారు పిచ్చి పట్టడమేమిటని నాకు ఒళ్లు మండేది.

ఆ కారు పక్క ఊరి పెద్దాయనది. ఎప్పటిదో విదేశీ బండి, పడవంత పొడుగు. ఒకప్పుడు చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా పెళ్లికూతురిని అందులోనే ఊరేగించేవారు. మా ఆయన చిన్నప్పుడు దాని వెనక దుమ్ములో పరుగెత్తినవాడే. తర్వాత పెట్రోలు దండగని దాన్ని కొట్టంలో నిలిపేసి, పైన వేరుశనగ కట్టె వామి వేశారు. కాయలు రాల్చుకున్నాక మిగిలే ఎండు చెట్టునే మేం కట్టె అంటాం. ఎండాకాలంలో గొడ్లకూ గొర్రెలకూ అదే మేత. ఏటేటా పాత కట్టె మీద కొత్త కట్టె పడుతూ పోయేసరికి లోపల కారుందన్న సంగతే జనం మరిచిపోయారు.

ఆ ఎండాకాలం మొదట్లో మా ఆయన ఏదో పని మీద అటు పోయి, వామిలోంచి కారు ముందు దీపాలు రెండూ బయటికి చూస్తుండగా కనిపెట్టాడు. ఇంటికొచ్చినప్పుడు ఆయన మొహం చూడాలి. కొడుకు పుట్టినప్పుడు కూడా అంత వెలగలేదు. దాన్ని కొని, బాగుచేసి, తెల్ల రంగు వేయించి బెంగళూరు తీసుకుపోతే పెళ్లిళ్లకు ఎగబడి బాడుగకు పిలుస్తారట. పాతదయ్యేకొద్దీ గిరాకీ అట. అందరూ తట్ట మోయడానికి పోయిన ఊరికి తాను కారు తోలుకుంటూ పోతాడట. ఇదంతా వినడానికి బాగానే ఉంది. కొనడానికి మాత్రం నా గొర్రెల్ని అమ్మాలి.

అవి మా పుట్టింటివాళ్లు ఇచ్చిన రెండు పిల్లలతో మొదలైన మంద. చేను ఎండినా, జీపు పోయినా మాకు ఇంత కూడు పెట్టినవి అవే. వాటిని ఇనుప తుక్కు కోసం అమ్ముతానంటే ఎవరు ఊరుకుంటారు? నేను ఊరుకోలేదు. ఆయన అన్నం తింటున్నా దెప్పాను, పడుకున్నా దెప్పాను. ఆయన మాత్రం పట్టు వదల్లేదు. ఒక్కసారి వచ్చి చూడు, తర్వాత నీ ఇష్టం అన్నాడు.

ఒకరోజు పద, చూస్తాను అన్నాను. నా మనసు మెత్తబడిందనుకుని దారిపొడుగునా ఈలలు వేశాడు. నేను పోయింది కారు కోసం కాదు. మా ఇంట్లో కట్టె అడుగంటింది. చుట్టుపక్కల వామి మిగిలింది ఆ పెద్దాయన కొట్టంలోనే అని విన్నాను. కాళ్లు పట్టుకునైనా ఒక బండెడు కట్టె అడిగితే వాన పడేదాకా గొర్రెలు నిలబడతాయి. ఆ మాట మా ఆయనకు చెప్పలేదు. చెబితే ముందు కారు బేరం తెమలనీ అంటాడని నా భయం.

కొట్టంలోకి అడుగు పెట్టగానే ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. కారు మొత్తం బయటపడి ఉంది. పైకప్పు, తలుపులు, వెనక డిక్కీ, అన్నీ. దాని మీద ఒక్క పోచ లేదు. గోడ పక్కన రెండు ఎద్దులు ఎముకలు తేలి, ఊడ్చిన నేలను వాసన చూస్తున్నాయి. మా ఆయన కారు చుట్టూ తిరుగుతూ తుప్పును చేత్తో తుడుస్తుంటే, వామంతా గొడ్లకే అయిపోయిందని తెలిసి నేను అక్కడే దిమ్మె మీద కూలబడ్డాను. అంత నిస్పృహ నేను ఎరగను.

ఆయన ముందు మూత ఎత్తాడు. లోపల ఖాళీ. ఒక కోడి గుడ్ల మీద పొదుగుతూ కూర్చుని ఉంది.

"ఇంజను యాడన్నా?" అన్నాడు.

మా వెనకే కొట్టంలోకి వచ్చిన పెద్దాయన అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "బాయిలో ఉండాది గదప్పా. నీకు తెల్దా?"

మేం చీనీ అనే బత్తాయి తోట ఎండిపోతుంటే, వామి వేయకముందే కారు ఇంజను ఊడదీసి బావి దగ్గర పంపుకు బిగించారట. నీళ్లు దిగిపోయాయి. పంపు అంత లోతు నుంచి లాగలేదు గనక, బావి గోడలో రాతి అరుగు చెక్కి ఇంజన్ని దాని మీదికి దించారట. మళ్లీ నీళ్లు దిగాయి, మళ్లీ అరుగు చెక్కారు.

"నీళ్లు కిందికి పోతాంటే దాన్నీ దించుకుంటా పోతిమి. తోట సచ్చిపోయినంక ఎత్తేకి మనసు రాల్యా," అన్నాడు పెద్దాయన.

బావి దగ్గరికి పోయి తొంగి చూశాం. అరుగుల కింద అరుగులు, అన్నిటికంటే కింద ఎర్రటి ఇనుప ముద్ద, దాని చుట్టూ నెర్రెలిచ్చిన బురద. వద్దంటున్నా వినకుండా మా ఆయన దిగాడు. అంత పెద్ద మనిషి పైనుంచి పిల్లాడిలా కనిపించాడు. రెండు చేతులతో పట్టుకుని ఇంజన్ని తిప్పబోయాడు. తిరగలేదు. కాలితో తన్ని చూశాడు. తర్వాత దాని మీదే కూర్చుండిపోయాడు. నాకు కోపమొచ్చింది. ఆయన మీదా, బావి మీదా, ఆకాశం మీదా. పైకి రమ్మని అరిచాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

పైకి వచ్చాక ఆయన నేరుగా కొట్టంలోకి పోయి కారు తలుపు తెరిచి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన కూర్చోమని సైగ చేశాడు. సీటులో దూది లేదు, స్ప్రింగులు గుచ్చుకుంటున్నాయి. ముందు అద్దంలోంచి ఎద్దులు కనిపిస్తున్నాయి. నువ్వు కూడా ఏమన్నా అడగాలని వచ్చినావా తల్లీ అని పెద్దాయన వాకిట్లోంచి అడిగాడు. ఊరికే కారు చూద్దామని వచ్చినాను అన్నాను.

మా ఆయన చాలాసేపు స్టీరింగును అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వు కట్టె కోసరం వచ్చినావని నాకు తెలుసు. ఈ వారం సంతకు గొర్లను తోలుకపోయి అమ్ముదాం. కారు కోసరం కాదులే."

నేను దిగబోయాను. తలుపు గడియ తుప్పు పట్టి నాకు రాలేదు. ఆయనే చుట్టూ తిరిగి వచ్చి తీశాడు.